మన్రోలప్ప పుట్టిన ఊరిలో ఒక సంవత్సరం

2012 సెప్టెంబరు చివరి వారం. స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి చేరి నాకు ఇంకా పది రోజులు నిండలేదు. విద్యార్థుల వసతిగృహంలో ఆరుగురం పంచుకునే వంటింట్లో ఒక సాయంత్రం నేను చిత్రాన్నం కలుపుకుంటున్నాను. పక్క పొయ్యి మీద సూపు వేడిచేసుకుంటున్న స్కాటిష్ అమ్మాయి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ, ఈ శనివారం వాన లేకపోతే ఒక మన్రో ఎక్కుదాం అన్నది. ఆ మాట వినగానే నా చెయ్యి ఆగిపోయింది. మన్రో అన్న పేరు అంతకుముందు నేను విన్నది ఒక్క చోటనే. అది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర ఉన్న మా ఊరిలో, మా జేజినాయన, అంటే మా తాత, నోట.

మా జేజినాయనకు ఆయన మన్రోలప్ప. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు, అంటే రాయలసీమ, బళ్ళారి ప్రాంతానికి, ప్రధాన కలెక్టరుగా ఉండి, గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగి, పొలాలు కొలిపించి, నడుమ జమీందారు లేకుండా రైతు పేరనే శిస్తు కట్టించిన థామస్ మన్రో, ఆ తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో పదవి దిగి స్వదేశానికి వెళ్ళబోయే ముందు ఈ సీమను చివరిసారి చూసిపోవాలని వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరా సోకి కన్నుమూశాడు. ఆయన పోయిన చోట ప్రభుత్వం ఒక తోపు నాటించి, రాతి మెట్ల బావి కట్టించింది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం లోపలి నుంచి ఆయన ఒక్కడికే కనబడి మాట్లాడినాడని, పాపాఘ్ని ఒడ్డున గండి దగ్గర రెండు కొండల నడుమ బంగారు తోరణం ఆయన ఒక్కడి కంటనే పడిందని, అది చూసినవాడు ఎక్కువ కాలం బతకడని మా జేజినాయన చెప్పే కథలు వింటూ నేను పెరిగాను. పాత తరాలలో పిల్లలకు ఆ పేరే పెట్టుకున్న ఇళ్ళు మా వైపు ఉండేవి. నాకు గ్లాస్గోలో సీటు వచ్చిందని తెలిసిన రోజున ఇంట్లో అందరూ చలి గురించి, అప్పు గురించి మాట్లాడుకుంటూ ఉంటే, ఆయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, “మన్రోలప్ప పుట్టిన ఊరికి పోతాండావు పాపా. ఆయప్ప ఇల్లు ఏడుందో చూసి రా” అన్నాడు.

పెద్దయ్యాక నేను చదువుకున్న చరిత్ర వేరు. మన్రో ఎంత మంచివాడైనా ఈస్టిండియా కంపెనీ అధికారి. పాలెగాళ్ళను అణచి, కంపెనీకి రాబడి స్థిరపరచడానికి వచ్చిన మనిషి. అయినా దత్తమండలాలను విడిచి వెళ్ళేటప్పుడు శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని పైవాళ్ళకు రాసిన మాట కూడా నిజమే. ఈ రెండింటినీ ఒక తక్కెడలో తూచడం నాకు ఇప్పటికీ చేతకాదు. మా జేజినాయనకు తూచవలసిన అవసరమే రాలేదు.

ఆ వంటింట్లో, మన్రో అంటే ఏమిటని నేను అడిగాను. స్కాట్లాండులో మూడు వేల అడుగులకు మించిన శిఖరాలను మన్రోలంటారని, హ్యూ మన్రో అనే ఆయన 1891లో వాటి పట్టిక తయారుచేయడం వల్ల ఆ పేరు నిలిచిందని, వాటన్నిటినీ ఎక్కడం ఇక్కడ చాలామందికి జీవితకాలపు వ్రతమని ఆ అమ్మాయి చెప్పింది. అంతవరకు 283 ఉండేవని, కొత్తగా కొలిస్తే ఒకటి మూడు వేల అడుగులకు కొద్దిగా తక్కువ తేలడంతో ఆ నెలలోనే లెక్క 282కు దిగిందని కూడా చెప్పింది. మా వైపు రెడ్లందరూ ఒక ఇంటివాళ్ళు కానట్టే ఈ మన్రో ఎవరో, ఆ మన్రో ఎవరో అనుకుని ఊరుకున్నాను. తరువాత ఆమె, నువ్వు వచ్చి ఇన్ని రోజులైంది కదా, ఇక్కడ ఏమి చూశావు అని అడిగింది. తరగతి గది, గ్రంథాలయం, కూరగాయల దుకాణం అని చెబుతూ ఉంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

నేను వెళ్ళింది సివిల్ ఇంజనీరింగులో ఏడాది మాస్టర్స్ చదువుకు. చదువు ముగిశాక రెండేళ్ళు ఉండి ఉద్యోగం చేసుకోనిచ్చే వీసా పద్ధతి ఆ ఏప్రిల్‌లోనే ఆగిపోయింది కాబట్టి, మా తరగతిలోని భారతీయులందరికీ చేతిలో ఉన్నది ఆ ఒక్క సంవత్సరమేనని మొదటి రోజు నుంచీ తెలుసు. పౌను ఎనభై అయిదు రూపాయలు దాటి ఉంది. నాయన పొలం పాసుపుస్తకం బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పుతో వెళ్ళినదాన్ని కనుక, బస్సు టికెట్టు కొన్నా, ఒక ఉల్లిగడ్డ కొన్నా దాన్ని ఎనభై అయిదుతో హెచ్చవేసి చూసుకునేదాన్ని. అలా హెచ్చవేసుకుంటూ కూర్చుంటే ఏ పనీ చేయబుద్ధి కాదు. ఆ రాత్రి ఒక చిన్న నోటుపుస్తకంలో, వారానికి పది పౌన్లు చూడడానికి, తెలియని పని ఒకటి చేయడానికి అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దానిలోని పద్దులు చూస్తూనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి పద్దు బూట్లు. బైర్స్ రోడ్డులో, జనం దానంగా ఇచ్చిన పాత వస్తువులు అమ్మే దుకాణంలో ఎనిమిది పౌన్లకు దొరికాయి. అక్టోబరు రెండో శనివారం ఆ అమ్మాయి, ఆమె స్నేహితులు కలిసి పదిమందిమి వ్యానులో బయలుదేరి లోమండ్ సరస్సు తూర్పు ఒడ్డున రోవర్డెనన్ అనే చోట దిగాము. మేము ఎక్కవలసిన బెన్ లోమండ్ ఎత్తు 974 మీటర్లు. మన్రోలన్నిటిలో దక్షిణాన ఉన్నది ఇదే కాబట్టి గ్లాస్గోవాళ్ళకు దగ్గరి కొండ. సరస్సు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది కనుక ఆ ఎత్తంతా కాళ్ళతోనే ఎక్కవలసినది. నేను బూట్లయితే మంచివి వేసుకున్నాను గాని, జీన్స్ ప్యాంటు, నూలు చొక్కా తొడుక్కుని వెళ్ళాను. మా సీమలో చెమట పీల్చడానికి నూలును మించినది లేదు. తడిసిన నూలు చలిగాలిలో ఒంటిని ఎలా పిండేస్తుందో ఆ రోజే తెలిసింది. అడవి దాటి బయలులోకి వచ్చేసరికి మబ్బు కొండ మీద నుంచి మా మీదకు దిగింది. అయిదడుగుల ముందున్న మనిషి కనబడడం లేదు, వాన పైనుంచి కాక పక్కనుంచి కొడుతున్నది. సగానికి పైగా ఎక్కిన తరువాత మమ్మల్ని నడిపిస్తున్న అబ్బాయి ఆగి, అందరి ముఖాలూ చూసి, నా చేతివేళ్ళు పట్టి చూసి, ఇక వెనక్కు వెళ్దామన్నాడు. నా ఒక్కదాని వల్ల పదిమంది వెనక్కు తిరగవలసి వచ్చిందని నాకు కన్నీళ్ళు వచ్చాయి. దిగేటప్పుడు ఒక్కరు కూడా ఆ ప్రస్తావన తేలేదు. కిందికి వచ్చాక ఒకరు ఫ్లాస్కులోని టీ నాకు మొదట పోసి ఇచ్చారు. కొండల్లో తిరిగేవాళ్ళలో తిరిగి రావడాన్ని ఓటమిగా లెక్కించరని నాకు తరువాతనే అర్థమైంది.

నవంబరు వచ్చేసరికి పగలు కుంచించుకుపోయింది. గ్లాస్గో ఇంచుమించు మాస్కోతో సమానంగా ఉత్తరాన ఉన్నది. డిసెంబరులో ఉదయం ఎనిమిదీ ముప్పావుకు తెల్లవారి, మధ్యాహ్నం నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది. వాన పెద్దగా కురవదు, ఆగనూ ఆగదు. ఆ ముసురును వాళ్ళు డ్రీక్ అంటారు. ఆ మాట పలికేటప్పుడే ముఖం ముడుచుకుపోతుంది. ఏటా వాన కోసం ఆకాశం చూసి చూసి అలసిపోయే ఊరినుంచి వచ్చిన నాకు, వాన కురుస్తున్నదని జనం విసుక్కోవడం మొదట్లో తప్పుగా తోచేది.

ఆ చీకటి నెలల్లో నన్ను కాపాడింది కెల్విన్‌గ్రోవ్ ప్రదర్శనశాల. 1901లో తెరిచిన ఆ ఎర్రరాతి భవనంలోకి ప్రవేశం ఉచితం, లోపల వెచ్చగా ఉంటుంది; ఒక పేద విద్యార్థికి ఈ రెండు మాటలు చాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్ద హాలులో పై అంతస్తు నుంచి ఆర్గన్ వాయిస్తారు. ఆ గొట్టాల నాదం చెవికంటే ముందు పాదాలకు తెలుస్తుంది. మొదటిసారి ఆ కచేరీ ముగిశాక పడమటి వైపు హాలులోకి నడిస్తే, రెండో ప్రపంచ యుద్ధపు స్పిట్‌ఫైర్ విమానం కప్పునుంచి వేలాడుతున్నది, దాని కింద మన ఆసియా ఏనుగు నిలబడి ఉన్నది. సర్ రోజర్ అని దాని పేరు. ఊళ్ళు తిరిగే జంతువుల ప్రదర్శనలో బతికి, చివరికి గ్లాస్గోలోని జంతుశాలకు చేరి, మదమెక్కి మనుషుల మీదకు వస్తున్నదని 1900లో కాల్చి చంపబడిన ఏనుగు అది. మంత్రాలయంలో మఠం ఏనుగు తొండానికి అరటిపండు అందించి తలమీద దీవెన పొందిన పిల్లను నేను. గడ్డి కూరిన ఆ ఒంటి ముందు ఎంతసేపు నిలుచున్నానో తెలియదు. ప్రదర్శనశాలకు వచ్చే పిల్లలకు అదంటే ప్రాణమని పక్కనున్న కాపలామనిషి చెప్పాడు. నాకు మాత్రం, మన దగ్గరనుంచి వెళ్ళి తిరిగిరాని ఒక ప్రాణి అక్కడ ఉన్నదని అనిపించింది. ఆ తరువాత ప్రతి శుక్రవారం తరగతి ముగియగానే దాన్ని చూసి వెళ్ళేదాన్ని.

నవంబరు 30 వాళ్ళకు సెయింట్ ఆండ్రూ పండుగ. ఆ రాత్రి విద్యార్థుల హాలులో కేలీ జరిగింది. కేలీ అంటే ఫిడేలు, అకార్డియన్ వాయిస్తూ ఉంటే ఊరివాళ్ళందరూ కలిసి ఆడే గుంపు నాట్యం. నేను గోడ వారగా కూర్చుని చూడవచ్చుననుకుని వెళ్ళాను. అక్కడ అలా కూర్చోనివ్వరని వెళ్ళాకే తెలిసింది. వేదికమీద ఒక పెద్దాయన ముందుగా అడుగులు నోటితో చెప్పి, నెమ్మదిగా ఆడించి, తరువాత వాయిద్యం మొదలుపెట్టించాడు. సరిగ్గా మా ఊరి చెక్కభజన గురువు కొత్తవాళ్ళకు నేర్పే పద్ధతి అదే. ముందు మాటగా అడుగు, తరువాత ఖాళీగా అడుగు, ఆ తరువాతే పాటలో అడుగు. స్ట్రిప్ ద విల్లో అనే ఆటలో రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడితే, ఒక జంట ఒకరి చేయి ఒకరు పట్టుకుని గిరగిరా తిరుగుతూ వరుసలో ఒక్కొక్కరి మోచేతిని అందుకుంటూ చివరిదాకా వెళ్తుంది. పరాయి మగవాళ్ళ చేయి పట్టుకుని తిరగాలంటే మొదట నా ఒళ్ళు బిగుసుకుపోయింది. మూడో ఆటకు వచ్చేసరికి అవి చేతులు మాత్రమే అయ్యాయి. పడిపోకుండా నిలబెట్టే చేతులు. చెక్కభజనలో మా ఊరి ఆడవాళ్ళకు చోటు లేదు. చిన్నప్పుడు రచ్చబండ మీద కూర్చుని కాళ్ళతో తాళం వేస్తూ చూడడమే నా వంతు. అదే పోలిక ఉన్న ఆటను ఇరవై మూడేళ్ళ వయసులో మరొక దేశంలో చెమటలు పట్టేదాకా ఆడాను. ఆ రాత్రి వసతిగృహానికి నడిచి వస్తుంటే చలి తెలియలేదు.

జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందులో హాగిస్ తిన్నాను. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్ రవ్వ, ఉల్లిగడ్డ, మిరియాలు కలిపి పొట్టసంచిలో నింపి ఉడికించే వంట అది. మా బల్ల దగ్గర కూర్చున్న మిగతా దేశాల విద్యార్థులు అందులో ఏమున్నదో విని ముఖాలు తిప్పుకున్నారు. నాకు మాత్రం మొదటి ముద్దలోనే మా అవ్వ వండే బోటి కూర గుర్తుకు వచ్చింది. కారం తక్కువ, మిరియం ఎక్కువ, అంతే తేడా. గొర్రెను కోసినప్పుడు ఏదీ పారవేయలేని బీద రైతు ఇంటి రుచి అది. అక్కడైనా, మా సంగటి ముద్ద పక్కనైనా. నేను రెండోసారి వడ్డించుకుంటే విందు పెట్టినవాళ్ళు ఎంత సంతోషించారో చెప్పలేను.

ఆ చలికాలంలోనే, ఒక ఆదివారం గ్రంథాలయంలో చదవవలసిన పుస్తకాలు పక్కనపెట్టి, జేజినాయన అప్పగించిన పనికి పూనుకున్నాను. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడి యుద్ధానికి దిగడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. కొడుకును కంపెనీ సైన్యంలో చేర్చడం తప్ప దారి లేకపోయింది. అలా 1780లో ఆయన మద్రాసులో దిగాడు. ఎక్కడో అమెరికాలో జరిగిన యుద్ధం వల్ల పత్తికొండకు ఒక బావి వచ్చిందన్నమాట. ఆ పుస్తకాలలోనే, మా జేజినాయనకు తెలియని సంగతి, బహుశా మా జిల్లాలో చాలామందికి తెలియని సంగతి ఒకటి కంటపడింది. 1825లో మన్రోకు లిండర్టిస్ బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు ఇచ్చారు. ఆ బిరుదు మొదట పెద్దకొడుకుకు, తరువాత రెండో కొడుకు క్యాంబెల్‌కు, ఆయన తరువాత క్యాంబెల్ కొడుకుకు వచ్చింది. నాలుగో బారొనెట్ అయిన ఆ మనిషి పేరు సర్ హ్యూ మన్రో; 1856లో పుట్టాడు, కొండలు ఎక్కడం ఆయన జీవితం, 1891లో మూడు వేల అడుగుల శిఖరాల పట్టిక ప్రచురించాడు. నేను అక్టోబరు వానలో సగం ఎక్కి దిగివచ్చిన కొండకు మన్రోలప్ప మనవడి పేరు ఉన్నది.

ఆ రోజు గ్రంథాలయంలో కూర్చోలేకపోయాను. వానలోనే బయటపడి, నగరం నడుమ వర్జీనియా వీధి, జమైకా వీధి అన్న పలకలు చూసుకుంటూ తిరిగాను. ఆ పొగాకు వ్యాపారం, ఆ చక్కెర వ్యాపారం బానిసల చెమట మీద నడిచినవని ఆ పేర్లే చెబుతున్నాయి. మన్రో ఇల్లు ఎక్కడిదో నేను కనుక్కోలేకపోయాను. అయితే ఆయన కుర్రతనంలో మూడేళ్ళ పాటు మా గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే చదివాడు. 1451లో స్థాపించిన ఆ విద్యాలయం ఆయన కాలంలో హై స్ట్రీట్‌లో ఉండేది. 1870లో ఇప్పటి కొండ మీదకు మారింది, పాత భవనాలు కూల్చి అక్కడ రైల్వే గూడ్సు యార్డు కట్టారు. కూల్చినప్పుడు కొన్నిటిని మాత్రం విప్పి తెచ్చి కొత్త చోట నిలబెట్టారు. వాటిలో ఒకటి 1690 నాటి రాతి మెట్ల వరుస. ఒక పక్క సింహం, ఒక పక్క ఒంటికొమ్ము గుర్రం బొమ్మలు ఉంటాయి. మా తరగతికి వెళ్ళే దారికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ మెట్ల మీద కూర్చుని నేను ఎన్నోసార్లు మధ్యాహ్నం అన్నం తిన్నాను. మరుసటి రోజు ఉదయం వెళ్ళి ఆ మెట్లను అరచేత్తో తాకి చూశాను. ఆ బాలుడు వీటిని ఎక్కే ఉంటాడు. ఇల్లు చూపలేకపోయినా జేజినాయనకు ఈ మెట్లు చూపవచ్చునని ఒక ఫొటో తీయించుకున్నాను.

మార్చిలో ఎడిన్‌బరో దగ్గర ఫోర్త్ రైలు వంతెన చూడడానికి ఒంటరిగా వెళ్ళాను. 1890లో తెరిచిన ఈ వంతెన బొమ్మ మా బి.టెక్. పాఠాలలో ఉండేది. దానితోపాటే మరొక బొమ్మ: ఇద్దరు మనుషులు కుర్చీలలో కూర్చుని చేతులు చాచి కర్రలు పట్టుకుంటే, వాళ్ళ నడుమ ఉయ్యాల వంటి పలక మీద మూడో మనిషి కూర్చుని ఉంటాడు, బరువు ఎటునుంచి ఎటు వెళ్తుందో చూపించే బొమ్మ. నడుమ కూర్చున్న ఆ మనిషి కయిచి వతనబె అనే జపాను ఇంజనీరని, ఆయన మా గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే చదువుకుని ఆ వంతెన పనిలో చేరాడని అక్కడికి వెళ్ళాకే తెలుసుకున్నాను. పరీక్ష కోసం నేను ఎన్నోసార్లు గీసిన బొమ్మలో ఉన్నది నాలాగే సముద్రాలు దాటి వచ్చిన ఒక విద్యార్థి. డాల్మెనీ స్టేషనులో దిగి నీటి ఒడ్డుకు నడిచి, ఆ ఎర్రని ఉక్కు కింద నిలబడి తల ఎత్తి చూశాను. 521 మీటర్ల వెడల్పున స్తంభం లేకుండా సాగిన ఆ నడిమి ఖాళీని ఏ పుస్తకం బొమ్మా చూపలేదు. రైలు వెళ్ళినప్పుడు పైనుంచి వచ్చే మోత ఒక్కసారిగా కాక, ఒక దూలం నుంచి మరొక దూలానికి చేతులు మారినట్టుగా వినిపిస్తుంది. చదివిన పాఠం అలా చెవితో వినిపించడం నాకు అదే మొదలు.

ఏప్రిల్ సెలవుల్లో చేసిన రైలు ప్రయాణం నోటుపుస్తకంలో నాలుగు వారాల పద్దును ఒకేసారి మింగింది. గ్లాస్గోలో ఉదయం ఎక్కి అయిదు గంటలకు పైగా ప్రయాణించి పడమటి సముద్రం ఒడ్డున మల్లెయిగ్ రేవు చేరడం, రెండున్నర గంటలు అక్కడ ఉండి అదే రైలులో తిరిగి రావడం. అంతా కలిపి చూస్తే రోజంతా కిటికీ పక్క కూర్చోవడమే. కట్టుకున్న చిత్రాన్నం డబ్బా ఒడిలో పెట్టుకుని నేను ఆ పదకొండు గంటల్లో ఒక్క క్షణం కన్ను మూయలేదు. రానక్ మూర్ అనే చిత్తడి మైదానం మీద పునాదికి గట్టి నేల దొరకకపోతే, 1890లలో ఆ దారి వేసినవాళ్ళు చెట్ల వేళ్ళు, కొమ్మలు, మట్టి, బూడిద పరచి దాని మీద పట్టాలను తేలించారు. ఇప్పటికీ రైలు ఆ తెప్ప మీదనే నడుస్తున్నది. ఆ నడుమ కోరౌర్ అనే స్టేషను వస్తుంది. దానికి రోడ్డు దారి కూడా లేదు, నలుగురు దిగితే వాళ్ళ చుట్టూ మంచు, జింకలు తప్ప మరేమీ లేవు. గ్లెన్‌ఫిన్నన్ దగ్గర ఇరవై ఒక్క కమానుల కాంక్రీటు వంతెన మీద రైలు వంపు తిరిగినప్పుడు పెట్టెలోని అందరూ ఒక పక్కకు వచ్చారు. ఆ వంతెనను మల్లెయిగ్ వరకు పొడిగించిన దారితోపాటే 1901లో తెరిచారు. ఇనుప కడ్డీలు లేని ఉట్టి కాంక్రీటు అంత పొడవున నిలబడిందని నా పక్కన కూర్చున్న ముసలి దంపతులకు చెప్పాను. వాళ్ళు ఎన్నోసార్లు దాని మీద ప్రయాణించారట, ఆ సంగతి ఎప్పుడూ వినలేదట. స్వదేశం గురించి ఒక పరాయి పిల్ల చెబితే విన్నామని వాళ్ళు మురిసిపోయి, సంచిలోని వెన్న బిస్కెట్లు నా చేతిలో పెట్టారు. నేను చిత్రాన్నం పెట్టాను. పోపులోని శనక్కాయలు మా పొలంలో పండేవేనని చెబితే, ఆ పెద్దామె ఒక పప్పు వేళ్ళతో తీసి వెలుతురులో పట్టి చూసింది.

పరీక్షలు అయిపోయాయి. ఆ ముచ్చట్లు రాయదగినవేమీ కావు.

జూన్ చివరి శనివారం, అదే అమ్మాయితో, అదే బూట్లతో, ఈసారి నూలు లేకుండా, మళ్ళీ బెన్ లోమండ్ కింద దిగాను. ఆ నెలలో రాత్రి పదింటికి గాని పొద్దు దిగదు కాబట్టి తొందర లేదు. మొదటి అడవిలో మిడ్జ్‌లనే కంటికి ఆనని దోమలు గుంపులుగా పట్టుకుని, గాలి తగిలే బయలు వచ్చేదాకా వదలలేదు. పైకి వెళ్ళేకొద్దీ అడుగు అడుగుకూ రాళ్ళు తేలిన దారి. మా వైపు తొలకరి పడగానే జొన్నగిరి చేలలో వజ్రాల కోసం వెతికే జనం ఎలా తల వంచి నడుస్తారో నేనూ అలాగే నేల మీదనే చూపు పెట్టి నడిచాను. అక్టోబరులో వెనక్కు తిరిగిన చోటు ఇదేనని ఆమె ఒక రాతిని చూపించింది. ఆనాడు ఆ మబ్బులో నేను లోయ అంచు అనుకుని వణికిన చోట ఉన్నది మెత్తని గడ్డి వాలు మాత్రమే.

చివరి వంపు తిరిగేసరికి గాలి ముఖాన కొట్టింది. శిఖరం మీద భూమి కొలతల కోసం నిలిపిన సిమెంటు స్తంభం ఉన్నది. సర్వే చదువుకున్నదాన్ని కనుక దాని నెత్తిన పరికరం బిగించే ఇత్తడి గాడులు ఎందుకో నాకు తెలుసు. వాటిలో వేలు పెట్టి చూశాను. దక్షిణాన లోమండ్ సరస్సు, దాని మీద చిన్న చిన్న దీవులు. పడమట అరోకర్ కొండలు ఒకదాని వెనుక ఒకటి. అన్ని వైపులా నీళ్ళే. ఎక్కడ చూసినా ఏదో ఒక వాలు మీద తెల్లని చార కిందికి జారుతున్నది. మొదటి క్షణంలో నాకు కలిగింది ఆనందం కాదు, ఇంత నీరు ఇక్కడ ఉన్నదే అన్న గుబులు. తరువాతనే ఆనందం వచ్చింది. ఆమె నా భుజం మీద చేయి వేసి, నీకిది మొదటి మన్రో కదా అన్నది. నాకు ఇది మూడో మన్రో అని, మిగతా ఇద్దరూ మనుషులని చెప్పి, తాత కథా మనవడి కథా అంతా అక్కడే గాలికి వెన్ను పెట్టి కూర్చుని చెప్పాను. హ్యూ మన్రో పేరు పుట్టినప్పటినుంచీ వింటున్న ఆమెకు పత్తికొండ సంగతి తెలియదు. ఆ ఊరి పేరు మూడుసార్లు నాతో పలికించుకుని సరిగా నేర్చుకుంది.

మరునాడు ఆదివారం. మా ఊరిలో మధ్యాహ్నం భోజనాల వేళ అయ్యేదాకా ఆగి ఫోను చేశాను. నాయన ఫోనును జేజినాయన చెవికి ఆనించి పట్టుకున్నాడు. మన్రోలప్ప మనవడి సంగతి, ఆ పట్టిక సంగతి, నేను ఎక్కిన కొండ సంగతి గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫోను తెగిందేమోనని నేను రెండుసార్లు పిలిచాను.

“అయితే తాత చేన్లు కొలిచె, మనవడు కొండలు కొలిచె” అన్నాడు.

“అంతే జేజినాయనా.”

“ఆ కొండమింద నీళ్ళుండాయా పాపా?”

ఉన్నాయని, కొండమీదే కాదు, ఈ నగరం తాగే నీళ్ళు కూడా అటువైపే ఉన్న లోక్ కట్రిన్ అనే సరస్సు నుంచి 1859 నుంచీ మోటారు లేకుండా పల్లానికి పారుతూ వస్తున్నాయని చెప్పాను. ఆయన నాయనతో ఏదో అన్నాడు. మోటారు లేకుండానంట అన్న మాట మాత్రం నాకు వినిపించింది. తరువాత మళ్ళీ ఫోనులోకి వచ్చి, ఈడ ఇంకా పదును కాలేదు, శనక్కాయ విత్తనాలు ఇంట్లోనే ఉండాయి అన్నాడు. కొంచెం ఆగి, ఇప్పుడు ఆడ వాన పడతాందా అని అడిగాడు. నేను కిటికీ తెరిచి ఫోనును బయటికి చాచి పట్టుకున్నాను.